హోల్డర్‌కు పెట్టిన బొట్టు

మా కాలేజీ స్కూటర్ల షెడ్డు మీద రేకులు పగిలిన చోట ఒక పాత ఫ్లెక్సీ కప్పారు. బొమ్మలున్న వైపు కిందికి తిప్పి కప్పడంతో, బండి పెట్టి తల పైకెత్తిన ప్రతివారికీ ఛైర్మన్‌గారు, ప్రిన్సిపాల్‌గారు, మా ప్రొఫెసర్‌గారు నవ్వుతూ కనిపిస్తారు. ఒక మూలన పాస్‌పోర్టు ఫొటో అంత చోటులో ఒక అమ్మాయి కూడా ఉంటుంది. ఆ ఫ్లెక్సీ వేయించింది ఆ అమ్మాయి చేసిన పని గురించే. ఆ పనిని పాడుచేసింది నేను. నా ఫొటో అందులో లేదు. ఆ ఒక్క విషయంలో మా మేనేజ్‌మెంటు తెలియకుండానే న్యాయం చేసింది.

విజయవాడ నుంచి మైలవరం వెళ్లే దారిలో ఉన్న ఆ ఇంజనీరింగ్ కాలేజీలో ముప్పై ఒక్క ఏళ్లు ఫిజిక్స్ ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. కొత్తగా ల్యాబుల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, మీ అనుభవాలు చెప్పండి సార్ అంటారు. పాడైన పవర్ సప్లై ఎలా బాగుచేశారు, ఆడిట్ వాళ్లని ఎలా మెప్పించారు, ఇలాంటివి చెబుతానని వాళ్ల ఆశ. అవి ఎవరైనా చెబుతారు. మీకు పనికొచ్చేది నా దగ్గర ఒకటే ఉంది. అందుకని సిగ్గు విడిచి అదే చెబుతున్నాను.

నా సర్వీసు చివర్లో మా ప్రొఫెసర్‌గారికి ఒక పెద్ద ప్రాజెక్టు వచ్చింది. పుస్తకంలో కాగితాల్లాగా పొరలు పొరలుగా ఉండే ఒక అయస్కాంత పదార్థం మీద పని. దానికి టేపు అంటించి పీకితే పొరలు ఊడి వస్తాయి. ఓపిగ్గా పీకుతూ పోతే చివరికి కొద్ది అణువుల మందం మాత్రమే మిగులుతుంది. పొడవూ వెడల్పూ తప్ప మందమనేది పేరుకు కూడా ఉండదు కాబట్టి దాన్ని టూ డైమెన్షనల్ అయస్కాంతం అంటారు. దాన్ని మైక్రోవేవ్‌తో కదిలిస్తే లోపలి అయస్కాంతత్వం బొంగరం తలాడించినట్టు ఊగుతుంది. ఆ ఊపు ఎంత త్వరగా ఆగిపోతుందో చెప్పేదే డ్యాంపింగ్. త్వరగా ఆగితే డ్యాంపింగ్ ఎక్కువ, చాలాసేపు ఊగితే తక్కువ. తెర మీద మాకు కనపడేదల్లా గీతలో ఒక గుంట. గుంట సన్నగా ఉంటే డ్యాంపింగ్ తక్కువ, వెడల్పుగా ఉంటే ఎక్కువ. నేను ఈ పరిజ్ఞానంతోనే మూడేళ్లు నెట్టుకొచ్చాను, మీకూ ఈ కథ వరకు ఇది చాలు.

ఆ పని చేయడానికి పీహెచ్‌డీలో చేరిన అమ్మాయిది మచిలీపట్నం వైపు నేత కుటుంబం. టేపుతో పొరలు పీకే పని మగపిల్లలు ఇద్దరు ప్రయత్నించి వారం రోజుల్లో వదిలేశారు. ఈ అమ్మాయి స్టూలు మీద కూర్చుంటే మధ్యాహ్నం క్యారేజీ తెరిచేదాకా కదిలేది కాదు. ‘తెగిన పోగు అతికించడం చూస్తూ పెరిగాను బాబాయిగారూ, ఇదేం పని’ అనేది. మొదటి రోజు నుంచీ నేను ఆమెకు బాబాయిగారినే. నాకు ఆడపిల్లలు లేరు. ఆ పిలుపు నాకు చాలా ఇష్టంగా ఉండేది. ఈ సంగతి అప్పుడు ఎవరితోనూ అనలేదు, ఇప్పుడు అంటే పోయేదేముంది.

ఆమె ప్రశ్న చిన్నదే. ఈ అయస్కాంతం పలచబడేకొద్దీ డ్యాంపింగ్ మారుతుందా, మారదా? ముందు మందపాటి ముక్కలు, తర్వాత పలచటివి, చివరికి బాగా పలచటివి కొలవాలి. ముక్కని ఒక హోల్డర్ మీద పెడతాం. అది అగ్గిపెట్టంత పలక. దాని మీద రాగి చార, చారకు రెండు వైపులా వెంట్రుక మందం సందులు ఉంటాయి. మైక్రోవేవ్ ఆ చార వెంట నడుస్తుంది. హోల్డర్‌ని ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచి, పెద్ద అయస్కాంతం రెండు ధ్రువాల మధ్య దించి కొలవాలి. నైట్రోజన్ వారానికి ఒక్క డబ్బా వచ్చేది. మూత ఎంత బిగించినా రెండు మూడు రోజుల్లో ఆవిరైపోయేది. కాబట్టి డబ్బా వచ్చిన రోజు మా ల్యాబులో పెళ్లి హడావుడి.

శ్రావణంలో హోల్డర్ కొత్తగా వచ్చినప్పుడు, మీద ఏ ముక్కా పెట్టకుండా ఖాళీగా ఒకసారి కొలిచాం. గీత తిన్నగా వచ్చింది. అంటే హోల్డర్‌లో సొంత అయస్కాంతత్వం ఏమీ లేదని అర్థం. ఆ ఖాళీ కొలతని కంప్యూటర్‌లో దాచుకుని, తర్వాత చేసే ప్రతి కొలతలోంచీ తీసేసేవాళ్లం. ఒక్కసారి చూశాం కదా, మళ్లీ మళ్లీ ఖాళీది కొలుస్తూ నైట్రోజన్ ఎవరు తగలేస్తారు?

దసరా వచ్చింది. బెజవాడలో పనిచేసేవాళ్లకి దసరా గురించి చెప్పనక్కర్లేదు. కొండ చుట్టూ ఎర్ర బట్టల జనం, ట్రాఫిక్ మళ్లింపులు, మా కాలేజీ బస్సు ఊరంతా తిరిగి గంట ఆలస్యం. ఆయుధపూజ నాడు ల్యాబులో యంత్రాలకి పూజ చేయించే బాధ్యత నేను చేరిన ఏడు నుంచీ నాదే. ముందు రోజే వన్‌టౌన్‌కి వెళ్లి పూలు, కొబ్బరికాయలు, పసుపు, కుంకుమ ప్యాకెట్టు తెచ్చాను. ప్రొఫెసర్‌గారు బూట్లు విప్పి కొబ్బరికాయ కొట్టారు. నేను అయస్కాంతానికి, పవర్ సప్లైకి, కంప్యూటర్‌కి, చివరికి ఏసీ స్విచ్చికి కూడా బొట్లు పెట్టాను. హోల్డర్‌కి అది మొదటి దసరా. కొత్తగా కాపరానికొచ్చిన కోడల్ని పేరంటంలో బొట్టు పెట్టకుండా పంపుతామా? ఒక మూలన ఉంగరపు వేలితో చిన్న చుక్క పెట్టాను.

మర్నాడు ఉదయం అన్నిటికన్నా ముందు హోల్డర్ మీది చుక్కనే మెత్తటి గుడ్డతో శుభ్రంగా తుడిచాను. నేను అజాగ్రత్త మనిషిని కాదు. పైకి కుంకుమ కనపడకుండా పోయింది. నా లాగ్‌బుక్‌లో కరెంటు పోయిన సమయాలున్నాయి, ఏసీ కారిన రోజులున్నాయి, పవర్ సప్లైలో బల్లి పడి చచ్చిన సంగతి కూడా ఉంది. దసరా నాటి పేజీలో మాత్రం ‘సెలవు’ అని ఒక్క మాట రాశాను. పూజని నేను యంత్రం మీద చేసిన పనిగా లెక్కలోకి తీసుకోలేదు.

దసరా తర్వాత పలచటి ముక్కల కొలతలు మొదలయ్యాయి. గుంట వెడల్పు పెరిగింది. ఇంకా పలచటిది పెడితే ఇంకా పెరిగింది. ఆ అమ్మాయి మూడుసార్లు కొలిచింది, మూడుసార్లూ అంతే. ప్రొఫెసర్‌గారు పేపర్లు తిరగేసి, పలచబడితే ఉపరితలం ప్రభావం ఎక్కువై డ్యాంపింగ్ పెరగొచ్చని ఫలానా థియరీ చెబుతోందన్నారు. మేం పిచ్చివాళ్లమై దొరికిన ఫలితాన్ని నమ్మలేదండీ. థియరీ చెప్పినట్టే వచ్చింది కాబట్టి నమ్మాం. రానట్టయితే తప్పెక్కడుందోనని ఆ వారమే హోల్డర్ విప్పి చూసేవాళ్లం.

పేపరు ఒక మంచి జర్నల్‌కి వెళ్లింది, చిన్న సవరణలతో తీసుకుంటామని జవాబొచ్చింది. అచ్చు కాకముందే వన్‌టౌన్‌లో ఫ్లెక్సీ అచ్చయి వచ్చి గేటు పక్కన లేచింది. అదే సమయంలో ఆ అమ్మాయికి ఒక పరిశోధనా సంస్థలో ఉద్యోగం ఖాయమైంది. జూన్‌లోపు థీసిస్ సమర్పించాలి, అదొక్కటే షరతు. వాళ్లింట్లో నాలుగు మగ్గాలుండేవి, అప్పటికి రెండు ఆగిపోయాయి. ‘నాన్న రోజూ ఫోన్ చేసి, థీసిస్ ఎంతవరకు నేశావమ్మా అని అడుగుతున్నారు’ అని నవ్వుతూ చెప్పింది.

మార్చిలో ఒక సోమవారం నైట్రోజన్ డబ్బా వచ్చింది. ఆ అమ్మాయి థీసిస్ రాసుకుంటూ హాస్టల్లో ఉండిపోయింది. ఆ మధ్యే నేను ఒక కేబుల్ మార్చాను. కేబుల్ మారిస్తే ఒకసారి ఖాళీ హోల్డర్‌తో నడిపి చూడటం నా అలవాటు. నైట్రోజన్ ఎలాగూ ఆవిరైపోతుంది కదా అని హోల్డర్‌ని చల్లబరిచి కొలత మొదలుపెట్టి, టీ తాగుతూ కూర్చున్నాను.

తెర మీద గీత తిన్నగా రావాలి. రాలేదు. మధ్యలో వెడల్పాటి గుంట, బూరెల మూకుడులా నిదానంగా వంగి లేచింది. కేబుల్ తప్పేమోనని పాతది తగిలించాను. అదే గుంట. హోల్డర్ మీద ముక్కేమైనా మిగిలిందేమోనని పైకి తీసి భూతద్దం పెట్టి చూశాను. రాగి చార పక్కన సందుల్లో, వరసగా, ఎర్రగా సన్నటి పొడి ఉంది. తుడిచినప్పుడు నేనే దాన్ని లోపలికి నెట్టాను.

అర్థం కావడానికి అట్టే సేపు పట్టలేదు. మందపాటి ముక్కలు దసరాకి ముందు కొలిచాం, అవి శుభ్రంగా ఉన్నాయి. పలచటివన్నీ దసరా తర్వాత కొలిచాం. ముక్క పలచబడేకొద్దీ దాని సొంత సిగ్నల్ తగ్గిపోయి, కింద ఉన్న ఈ ఎర్రపొడి సిగ్నల్ పైకి తేలింది. పెరిగింది డ్యాంపింగ్ కాదు, కుంకుమ వాటా.

సాయంత్రం ఇంటికి వెళ్లి, పూజ ప్యాకెట్టులో మిగిలిన కుంకుమ కాగితం మీద పోసి, కింద అయస్కాంతం పెట్టి జరిపాను. కుంకుమ చీమలబారులా దాని వెంట నడిచింది. మా ఆవిడ కుంకుమ భరిణె తెచ్చి అందులోంచి కొంచెం పోశాను. అది కదల్లేదు.

‘నా భరిణెతో ఏంటండీ మీ ప్రయోగాలు?’ అంది మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి.

‘నీ కుంకుమ కదలటం లేదు. ఇది కదులుతోంది.’

‘నాది పసుపూ సున్నమూ కలిపి ఇంట్లో చేసుకున్నది. ఆ ప్యాకెట్టుది నేను నుదుట పెట్టుకోను, దురద. ఏం రంగు కలుపుతారో ఏమో. మరి మీరే కదండీ అన్నారు, యంత్రాలకే కదా ఇది చాలని?’

నేనే అన్నాను.

ఇక్కడ నేను చేసిన రెండో తప్పు చెప్పాలి, అది మొదటిదానికన్నా పెద్దది. రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. పైకి చెప్పుకోవడానికి కారణాలు చాలా దొరికాయి. థియరీ కూడా అదే చెబుతోంది కదా, అసలు నిజం కూడా అదే అయ్యుండొచ్చు. ఎవరు ఆ హోల్డర్ విప్పి చూడొచ్చారు? ఆ పిల్ల ఉద్యోగం పోతుంది. చివరి కారణం అన్నిటికన్నా గొప్పగా కనిపించింది. ఆ పిల్ల కోసమే నోరు మూసుకుంటున్నానని అనుకుంటే నామీద నాకే గౌరవం పుట్టుకొచ్చింది. నిజానికి నేను కాపాడుకుంటున్నది నా ముప్పై ఏళ్ల మంచి పేరు. వేలితో పొడి పెట్టి పరిశోధన పాడుచేసిన టెక్నీషియన్ అనిపించుకుని రిటైరవ్వాలంటే నాకు భయం వేసింది.

బుధవారం ఆ అమ్మాయి ల్యాబుకి వచ్చింది. థీసిస్ నాలుగో అధ్యాయం ప్రింటు తీసి, ‘బాబాయిగారూ, ఇది మీరు ముందు చూడండి. హోల్డర్ గురించి రాసింది సరిగ్గా ఉందా?’ అని నా బల్ల మీద పెట్టింది. మొదటి పేజీలోనే ఉంది: ఖాళీ హోల్డర్‌కు ఎటువంటి అయస్కాంత సిగ్నలూ లేదని నిర్ధారించాం.

‘అమ్మా, ఈ వాక్యం తప్పు,’ అన్నాను.

కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. భూతద్దం చేతికిచ్చాను. తెర మీద గుంట చూపించాను. ఆమె మళ్లీ భూతద్దం పెట్టి సందుల్లోకి చూసింది. ఏడుస్తుందనుకున్నాను. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. చివరికి తలెత్తి అడిగింది.

‘ఎంత పెట్టారు బాబాయిగారూ?’

‘ఎంత అంటే... చుక్క.’

‘చుక్కంటే ఎంత? మిల్లీగ్రాముల్లో?’

ఆమె భూతద్దం బల్ల మీద పెట్టింది.

‘మా ఇంట్లో తప్పు మగ్గం మీదే కనపడుతుందండీ. ఇక్కడ చీర కట్టుకుని పెళ్లికి వెళ్లాక కనపడింది. సోమవారం చూశానన్నారు కదా. సోమవారమే ఎందుకు చెప్పలేదు?’

భయపడ్డానమ్మా అన్నాను. ఆ రోజు ఆమె నన్ను మళ్లీ బాబాయిగారూ అని పిలవలేదు. ఆ తర్వాత కూడా సార్ అనే అంది.

ఇద్దరం ప్రొఫెసర్‌గారి గదికి వెళ్లాం. ఆయన విని, కళ్లజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నారు.

‘థియరీ కూడా ఇలాగే చెబుతోంది కదమ్మా. మన ఫలితం కరెక్టే అయ్యుండొచ్చు.’

‘థియరీ చెబుతోంది సార్. మన ముక్కలు చెప్పట్లేదు. కుంకుమ చెబుతోంది.’

ఆయన నా వైపు తిరిగారు. ‘మీరు బీఎస్సీ ఫిజిక్స్ కదండీ?’

‘అవునండి.’

‘అయస్కాంతం మధ్యలో పెట్టే వస్తువుకి బొట్టు పెట్టారా?’

‘పెట్టానండి.’

ఆ పూజలో కొబ్బరికాయ కొట్టింది, బొట్టు పెడుతుంటే పక్కనే నిలబడి ‘దానికి కూడా పెట్టండి, కొత్తది’ అన్నది ఆయనే. ఆ సంగతి ఆయనకీ గుర్తుంది, నాకూ గుర్తుంది. ఇద్దరం ఎత్తలేదు. ఆయన, ‘గేటు దగ్గర ఫ్లెక్సీ ఉందే,’ అన్నారు, తనలో తాను అనుకున్నట్టు.

‘ఫ్లెక్సీ ఉండనీయండి సార్. పేపరు వెనక్కి తీసుకుందాం,’ అంది ఆ అమ్మాయి.

మా ప్రొఫెసర్‌గారిని నేను చాలా విషయాల్లో వెక్కిరించాను, ఇంకా వెక్కిరిస్తాను. కానీ ఆ సాయంత్రమే జర్నల్‌కి ఉత్తరం పంపారు. నా తప్పని రాయలేదు, ‘మా పొరపాటు’ అని రాశారు. ఆ ఒక్క మాటకి ఆయనకి నేను రుణపడి ఉన్నాను.

తర్వాతి పని అసలైన పరీక్ష. పొడి వల్లే ఇలా అయిందని ఊహించడం చాలదు, చూపించాలి అంది ఆమె. రెండో హోల్డర్ తెప్పించాం. ఖాళీగా కొలిచాం, గీత తిన్నగా వచ్చింది. తర్వాత అదే ప్యాకెట్టులోని కుంకుమని సున్నితపు త్రాసులో తూచి, కొద్దికొద్దిగా పెంచుతూ పెట్టి కొలిచాం. ముప్పై ఏళ్లలో ఎన్నో బొట్లు పెట్టాను కానీ తూచి పెట్టడం అదే మొదలు. గుంట మళ్లీ వచ్చింది, పొడి పెంచితే పెరిగింది. పైపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగితే సందుల్లోది పూర్తిగా పోదని కూడా అప్పుడే తెలిసింది. ఇంకో శుభ్రమైన హోల్డర్ మీద ఆమె పలచటి ముక్కలన్నీ మొదటినుంచి కొలిచింది. ఎండాకాలం, మైలవరం వైపు నుంచి నిప్పుల గాలి, వారానికి ఒకే డబ్బా. జూన్ వచ్చింది, వెళ్లింది. ఆ ఉద్యోగం ఇంకొకరికి పోయింది.

ఆ సంగతి తెలిపే ఉత్తరం వచ్చిన రోజు ఆమె ల్యాబులో నా ఎదురుగానే చదివింది. మడిచి బ్యాగులో పెట్టుకుని, ‘నైట్రోజన్ ఉన్నట్టేనా బాబాయిగారూ?’ అంది. మూడు నెలలు దాటాక ఆ పిలుపు. నేను డబ్బా మూత చూసే నెపంతో పక్కగదిలోకి వెళ్లి కళ్లు తుడుచుకున్నాను.

చివరికి తేలిందేమిటంటే, మేం కొలవగలిగినంత మేరకు, ఆ అయస్కాంతం పలచబడినా డ్యాంపింగ్ పెద్దగా మారలేదు. మారలేదు అనే వార్తకి ఎవరూ ఫ్లెక్సీ వేయించరు. పాతదాన్ని ప్రిన్సిపాల్‌గారు దింపించి, పారేయడం ఎందుకని షెడ్డు మీద కప్పించారు. ఆ సెప్టెంబరులో ఆ అమ్మాయి థీసిస్ సమర్పించింది. దసరాకి పూజ మళ్లీ నేనే చేయించాను. బొట్లు ల్యాబు తలుపుకి మాత్రమే పెట్టి, ఆ సంగతి లాగ్‌బుక్‌లో రాసి, మర్నాడు ఖాళీ హోల్డర్ కొలిచాను. డిసెంబరులో రిటైరయ్యాను. వీడ్కోలు సభలో ప్రిన్సిపాల్‌గారు, ఈయన చేతిలో ఒక్క పరికరం కూడా పాడవలేదు అని ప్రసంగించారు. మూడో వరసలో ఆ అమ్మాయి దగ్గుతున్నట్టు చున్నీ అడ్డం పెట్టుకుంది.

వైవా ఫిబ్రవరిలో జరిగింది. నన్నూ పిలిచింది, వెనక కుర్చీలో కూర్చున్నాను. వేరే రాష్ట్రం యూనివర్సిటీ నుంచి వచ్చిన పరీక్షకుడు తెలుగువారే. డ్యాంపింగ్ గురించి రెండు ప్రశ్నలే అడిగారు. తర్వాత థీసిస్ చివరికి తిప్పి, ‘ఈ అనుబంధం ఏంటమ్మా, ఖాళీ హోల్డర్ మీద ఇన్ని పేజీలు?’ అన్నారు.

ఆమె దాచకుండా చెప్పింది. దసరా, కుంకుమ, సందులు, అన్నీ.

‘ఎవరు గమనించారు ఇది?’

‘మా టెక్నీషియన్‌గారండీ. పెట్టిందీ ఆయనే, పట్టిందీ ఆయనే,’ అని వెనక్కి చెయ్యి చూపింది. గదంతా నవ్వు. నేను కుర్చీ కిందికి జారిపోతే బాగుండుననుకున్నాను. పరీక్షకుడు మాత్రం నవ్వలేదు. ఏదో ఆలోచిస్తూ కూర్చున్నారు.

డిగ్రీ ఇవ్వొచ్చని సంతకాలయ్యాక, భోజనాలకి వెళ్తుంటే వరండా చివర ఆయన ఫోన్‌లో మాట్లాడుతూ కనపడ్డారు. గొంతు తగ్గించారు గానీ వినపడింది.

‘అవునయ్యా, ఇప్పుడే తీసి చూడు. దసరాకి మన హోల్డర్‌కి ఏం పెట్టారు? గంధమా? గంధంలో ఏం కలుపుతారో కనుక్కో!’

ఆ అమ్మాయి ఇప్పుడు వేరే ఊళ్లో ఇంకో ఉద్యోగంలో ఉంది. మొదటిదానికన్నా చిన్నదే. నాకు ఆ బాధ పోలేదు, పోతుందని కూడా అనుకోను. వెళ్లేముందు బైండు చేసిన థీసిస్ ప్రతి ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టి, అనుబంధంలో ఒక పేజీ తెరిచింది. ఆ వెడల్పాటి గుంట బొమ్మ. కింద ‘కొలిచినవారు’ అని నా పేరు, ఇంటిపేరుతో సహా. నా సర్వీసు మొత్తంలో నా పేరు అచ్చయింది అక్కడే, నా తప్పు కిందే.

ఇంటికి తెచ్చి మా ఆవిడకి చూపించాను. గ్రాఫు ఆమెకి అర్థం కాలేదు, పేరు అర్థమైంది. ‘మీ పేరు పుస్తకంలో వేశారా!’ అని సంబరపడి, దేవుడి మందిరం ముందు పీట వేసి థీసిస్ దాని మీద పెట్టింది. కుంకుమ తీసి అట్ట మీద బొట్టు పెట్టబోయింది. నేను గబుక్కున చెయ్యి పట్టుకున్నాను.

‘ఏ కుంకుమ?’

‘మనింట్లోదేనండీ,’ అంది.

చెయ్యి వదిలాను.